కనక ఇంటి కిటికీ

కనక ఇంటికి ఒక చలికాలం నుంచి మరుసటి కోతలదాకా కిటికీ ఉండేది. సిర్లగుడలో ఇంకెవరి ఇంటికీ ఉండేది కాదు. ఉండాలని ఎవరికీ తోచనూ లేదు. ఇల్లన్నాక ఒక తలుపు, లోపల ఒక పొయ్యి, ఆ పొయ్యి మీద పొగ. ఆ పొగ కొంత తలుపులోంచి పోతుంది, కొంత కప్పు గడ్డిలోంచి పోతుంది, మిగిలింది మనుషుల కళ్లలోంచి కారిపోతుంది. తెల్లవారుజామున కింద అరకు సంతకు పోయే దారిలో నిలబడి చూస్తే ఆ ఊరు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన కుండలా కనిపించేది.

కనక ఆ ఊరికి కోడలై వచ్చినప్పుడు ఆమె నవ్వు పక్క కొండకు వినిపించేదట. ఆ నవ్వు ఎప్పుడు తగ్గిందని అడిగితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మగడు గాసిని ఎవరో దొర సామాను మొయ్యడానికి వెట్టికి పట్టుకుపోయారు. తిరిగొచ్చినవాడు చలిజ్వరంతో వచ్చాడు, ఆ జ్వరంతోనే పోయాడు. అంతకు ముందే ఇద్దరు మగపిల్లలు దగ్గి దగ్గి పోయారు. ఆ రెండుసార్లూ గాసికి అన్న వరసైన మంగ్లు వచ్చి దేవతకు మొక్కు తీర్చాడు. మంగ్లు ఆ ఊరి దిసారి. ముహూర్తం పెట్టేదీ, దేవతను కొలిచేదీ, ఎవరికి ఏ వాలు పోడు కొట్టుకోవాలో చెప్పేదీ అతనే. మొదటిసారి కోడి పోయింది, రెండోసారి మేక పోయింది, పిల్లలూ పోయారు. ఇక మిగిలింది అత్త బుధ్రి, కూతురు సుక్రి. సుక్రి కూడా దగ్గుతుంది.

ఆ ఇంట్లో ఇంకొకటి కూడా మిగిలింది. అది విత్తనం.

పొయ్యికి సరిగ్గా పైన వెదురు తడక వేలాడుతుంది. దాని మీద జొన్న కంకులు, ఆనపబుర్రల్లో కందులు, బొబ్బర్లు. కోత అయిన దగ్గర్నుంచి మళ్లీ చల్లేదాకా అవి పొగలోనే ఉంటాయి. మసి పట్టి బొగ్గుల్లా అవుతాయి. అలా నల్లబడ్డ గింజ జోలికి పురుగు రాదు. ఏ ఇంటి పొగ తాగితే అది ఆ ఇంటి విత్తనమని ఆ ఊరి కట్టు. చైత్రంలో విత్తనాల పండగనాడు ఇంటింటి ఆడదీ తన ఇంటి పొగ తాగిన గింజ ఒక దోసెడు తెచ్చి ఊరి బయట నిసాని దేవత రాయి ముందు చేటలో పొయ్యాలి. పోసిన ఇంటి పేరు దిసారి పైకి పిలుస్తాడు. పేరు పిలిచిన ఇంటికే ఆ ఏడు కొండవాలున పోడు. పిలవని ఇల్లు ఆ ఏడంతా వేరొకరి వాలు మీద వంగి బతకాలి. అరువు తెచ్చిన గింజ పనికిరాదు, సంతలో కొన్నదీ పనికిరాదు. మగదిక్కు లేని కనక ఇంటి పేరు ప్రతి చైత్రంలోనూ ఆ రాయి ముందు వినబడుతూనే ఉండేది. ఆ ఒక్క పిలుపు మీదే ఆమె తలెత్తుకు తిరిగేది.

గూడెం కొండల్లో పితూరీ తుపాకులు చల్లబడి మూడో ఏడు నడుస్తుండగా, చలికాలంలో, కింది మైదానం నుంచి నలుగురు చదువుకునే అబ్బాయిలు, వాళ్ల మాస్టారు ఘాటీ ఎక్కి వచ్చారు. చలికాలమే ఎందుకంటే, అప్పుడైతే మన్యం జ్వరం తగలదని. వాళ్ల కాలేజీలో ఆ ఏడే కొత్త చదువు పెట్టారట. ప్రజాసేవ, శరీరారోగ్యం అని దాని పేరు. పుస్తకం చదివితే సగమేనట, మిగతా సగం ఏదో ఒక పల్లెలో నెల్లాళ్లు ఉండి జనానికి శుభ్రం నేర్పితే గాని పాసవరట. ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు అప్పగిస్తారు. ఆఖర్న పరీక్ష దొర వచ్చి ఆ ఇంటిని చూసి మార్కులు వేస్తాడు. ఆ కొండల్లో శిస్తు వసూలు చేసే ముఠాదారు మనిషి వచ్చి ఈ సంగతి చెప్పి, "ఆల్లకి పాలూ కోడిగుడ్లూ ఇవ్వండి, ఎదురు సెప్పకండి," అని పోయాడు.

"మొన్న పోలీసులొచ్చినారు. ఇప్పుడు సదూకున్నోలు వచ్చినారు. గుడ్లు మట్టుకు ఇద్దరికీ కావాల," అంది బుధ్రి.

మొదటిరోజు మాస్టారు చింతకొమ్మకు ఒక పటం వేలాడదీశాడు. మనిషి రొమ్ము చీల్చినట్టుంది బొమ్మ. లోపల ఎర్రగా రెండు సంచులున్నాయి. ఊరంతా కూర్చుని చూసింది.

"ఓలమ్మో, ఎవులిని కోసీసినారో పాపం!" అంది బుధ్రి.

"ఎవర్నీ కొయ్యలేదమ్మా, బొమ్మ. ఇవి ఊపిరితిత్తులు. ఊపిరి పీల్చేవి. అందరికీ ఉంటాయి."

"దొరలకి కూడానా?"

"ఆఁ, దొరలకీ ఉంటాయి."

"ఉంటే మరి ఆల్లు కొండెక్కాలంటే మమ్మల్ని డోలీ మొయ్యమంటారేటి బావూ?"

జనం గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వేశాడు. నవ్వుతూనే పటం చుట్టేశాడు.

కనక ఇల్లు తాతారావు అనే అబ్బాయికి వచ్చింది. బొబ్బిలి వైపు రైతుబిడ్డ. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మంచివాడే. ఎవరినీ కసరలేదు, ముక్కు మూసుకోలేదు. వంగి తలుపులోంచి లోపలికి వచ్చాడు, రెండు ఊపిరులు తీశాడు, కళ్లనీళ్లతో బయటికి పరిగెత్తాడు. బుధ్రి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. ఆయన ముఖం కడుక్కుని మళ్లీ లోపలికి వచ్చాడు. అలా మళ్లీ వచ్చినందుకే కనకకు ఆయన మీద గురి కుదిరింది.

"ఈ పిల్లకి దగ్గు ఎప్పటినుంచమ్మా?"

"సుక్కురోరం పుట్టింది బావూ, సుక్రి అని పేరెట్టినాం. దగ్గు శనోరం పుట్టింది."

తాతారావు సుక్రి వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. బలపం నీళ్లలో గీరినట్టు లోపల ఏదో గరగరమంటోంది.

"రొమ్ములో పొగ చేరిందమ్మా. పగలూ రాత్రీ ఇదే పీలుస్తోంది. పొయ్యి బయట పెట్టు, గోడకి కిటికీ పెట్టు. దగ్గు తగ్గకపోతే నన్నడుగు."

 అంతవరకు ఆమెకు ఎవరు ఏ కారణం చెప్పినా అది చేతికందనిదే. దేవత కోపమన్నారు, పెద్దల ఉసురన్నారు, దిష్టన్నారు. ఇదేమో ఆమె ఇంట్లోనే ఉంది, ఆమె చేత్తో రాజేసిందే. తీసి అవతల పెట్టొచ్చు. అలా అనుకోగానే ఇంకొక మాట కూడా వెంటనే వచ్చి నిలబడింది. ఇదే నిజమైతే, ఆ ఇద్దరు పిల్లల్నీ చలి అని పొయ్యి పక్కన పడుకోబెట్టింది ఎవరు? ఆ మాటను ఆమె లోపలికి తొక్కేసింది. తొక్కితే పోయే మాటా అది!

"పెడతాను బావూ," అంది.

బుధ్రి ఊరుకోలేదు. "ఒలే కోడలా, పొయ్యి బయటికెల్తే ఇత్తనానికి పొగెవుడెడతాడే? నీ బావు కూకోని సుట్టలు కాల్సి ఊదుతాడేటి?"

కనకకు ఈ సంగతి తెలియక కాదు. ముసలిదానికన్నా ముందే తడక వైపు చూసింది ఆమే. తాతారావునడిగింది. ఆయన తలగోక్కుని, మాస్టారినడిగి చెబుతానన్నాడు. మాస్టారు ఏమన్నాడో కనక చింతచెట్టు వెనక నిలబడి తన చెవులతోనే విన్నది. "విత్తనాలు మన పాఠంలో లేవోయ్. అది వ్యవసాయం వాళ్ల చదువు. మనది శరీరం."

తాతారావు మాత్రం ఉత్త చేతులతో రాలేదు. ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి తెచ్చాడు. వేడినీళ్లతో కడిగాడు, ఎండబెట్టాడు, దానికి మూత కూడా కుదిర్చాడు. "ఇందులో పోసి మూస్తే గాలి చొరదు, పురుగూ చొరదు. ఆ మసి అంతా దేనికి?" అన్నాడు.

కనక ఆ డబ్బాను నమ్మలేదు. మెరుస్తోంది గనక చూడ్డానికి బాగుంది, అంతే. ఆ సాయంత్రం విత్తనం గంపకెత్తుకుని పై వరసలో ఉన్న మంగ్లు ఇంటికి పోయింది.

"బావా, సైత్రం దాకా నీ తడక మీద ఇంత సోటియ్యి."

మంగ్లు గంపకేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. అతని పెళ్లాం రత్న చంటిబిడ్డకు పాలిస్తూ గుమ్మంలో కూర్చుంది. "పెట్టుకో మరదలా. సోటుకేటి," అన్నాడు మంగ్లు. "కానీ నా పొగ తాగితే అది నా ఇత్తనం. నిసాని ముందు నీ ఇంటి పేరెట్టి నానెలా పిలుత్తాను? తల్లికి అబద్దం సెప్పమంటావేటి?"

"నువ్వే కదా పిలిసీది. నీకు తెలుసు కదా నాదని."

"నాకు తెలుసు. తల్లికీ తెలుసు, పొగ నాదని."

కనక గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. ఇంటికి వచ్చి కంకులు నలిపింది, మసి పోయేలా తడిగుడ్డతో తుడిచింది, డబ్బాలో పోసి మూత బిగించింది. బుధ్రి గోడవైపు తిరిగి కూర్చుని ఒక్కటే మాట అంది. "పొగ లేని ఇత్తనం తల్లి లేని గుంట."

"నా గుంటకి తల్లి ఉన్నాది," అంది కనక.

మర్నాడు తాతారావు, ఆమె కలిసి గునపంతో గోడ పొడిచారు. చదరంగా వెలుగు వచ్చి నేల మీద పడింది. ఇన్నేళ్లూ తను ఉన్న ఇల్లు కనక మొదటిసారి చూసుకుంది. మూలల్లో బూజు, గోడల మీద తారులా మసి. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా చదువుతో పాటు ఘాటీ ఎక్కి వచ్చిందే. ఎర్రమట్టితో గోడలు మెత్తింది. పొయ్యి బయట చూరు కింద పెట్టింది. సుక్రి ఆ వెలుగు ముక్కలో చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి రోజంతా ఆడుకుంది.

దగ్గు తగ్గింది. అబద్ధమెందుకు, నిజంగానే తగ్గింది. ముందు రాత్రుళ్లు తగ్గింది, తరవాత పగలూ తగ్గింది. సుక్రి తెల్లారేదాకా ఒకే పక్కకు తిరిగి పడుకుని నిద్రపోయేది. కనకకే నిద్ర పట్టేది కాదు. దగ్గు వినపడకపోతే పిల్ల ఉందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. రోజులు గడిచేకొద్దీ ఆ భయమూ పోయింది. పోయిన నవ్వు కొంత తిరిగొచ్చింది. కట్టెలకు పోయినచోట ఆడవాళ్లు, "ఒలే కనకా, కిటికీలోంచి ఏటి కనపడతాదే నీకు, పట్నమా?" అని ఎగతాళి చేస్తే, "మీ యింట్లో పొగ కనపడతాదే," అనేది.

నెల తిరిగేసరికి పరీక్ష దొర వచ్చాడు. తెలుగాయనే, నెత్తిన టోపీ. సుక్రి గోళ్లు చూశాడు, పళ్లు చూశాడు, నీళ్లకుండ మీద మూత చూశాడు. కిరసనాయిలు డబ్బా మీద అరచెయ్యి వేసి, "శుభ్రం!" అన్నాడు. మూత తియ్యలేదు. కనకనడిగాడు, "ఈ కిటికీ వల్ల లాభమేమిటి?"

గాలీ వెలుతురూ అని చెప్పమని తాతారావు ముందే నేర్పాడు. కనకకు ఆ మాటలు నోట ఆడలేదు. "గుంట నిద్దరోతంది బావూ," అంది.

పరీక్ష దొర నవ్వి తలూపాడు. ఆ ఏడు ఆ చదువులో తాతారావే మొదట వచ్చాడని తరవాత ముఠాదారు మనిషి చెప్పాడు. వెళ్లేముందు తాతారావు కనక చేతిలో సబ్బుబిళ్ల పెట్టి, "చైత్రంలో మీ పండగకి వస్తానమ్మా," అన్నాడు. ఆ క్షణాన వస్తాననే అనుకుని ఉంటాడు. తరవాత ఆయనకు కింద సర్కారు కొలువు దొరికిందట. అక్కడ ఇళ్లకు కిటికీలు ఎప్పటినుంచో ఉన్నాయి.

చైత్రం వచ్చింది. పండగనాడు పొద్దున్నే కనక స్నానం చేసి డబ్బా మూత తీసింది. లోపల్నుంచి వెచ్చగా ఆవిరి వచ్చింది, తవుడు వాసన. చెయ్యి పెడితే పిండి. పిండిలో ముక్కపురుగులు కదులుతున్నాయి. కందిగింజకు కందిగింజా పుచ్చి, వేలితో నొక్కితే పొట్టు. ఎందుకలా అయిందని అడగడానికి తాతారావు లేడు. డబ్బాలోకి పోసేముందు గింజ తడిగుడ్డతో తుడిచింది గదా, ఆ చెమ్మ చాలదూ? లేకపోతే పురుగు ముందే ఉందేమో, పొగకు భయపడి ఇన్నాళ్లూ ఊరుకుందేమో. కనక చేటలో పోసి చెరిగింది. ఎంత చెరిగితే అంత ఎగిరిపోయింది. బుధ్రి గుమ్మంలో కూర్చుని చూసింది. తిడుతుందనుకుంది కనక. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అయినా దోసిలి పట్టుకుని వెళ్లింది. ఎందుకు వెళ్లిందంటే, వెళ్లకుండా ఎలా ఉండడమో ఆమెకు తెలియదు గనక. ఆడవాళ్లందరూ వరసగా పోస్తున్నారు. నల్లటి గింజ, మసి గింజ, చేటలో పడి గలగలమంటోంది. కనక వంతు వచ్చింది. మంగ్లు ఆమె దోసిలి మీదికి వంగి మెల్లిగా ఊదాడు. పిండి లేచి అతని మీసాలకే అంటింది. దోసిట్లో పొట్టు మిగిలింది.

"ఇది ఇత్తనం కాదు మరదలా," అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అనక్కర్లేకపోయింది.

పక్కకు జరిగింది. ఆ ఏడు గాసి ఇంటి పేరు ఆ రాయి ముందు వినపడలేదు.

పోడు మంగ్లు వాలు మీదే చేసింది. రత్న చెడ్డది కాదు, అంబలి వేళకు పోసేది. కాకపోతే, "కనకా, వత్తావేటే?" అనే గొంతు పోయి, "బేగి రాయే, పొద్దెక్కిపోయింది," అనే గొంతు వచ్చింది. ఆ గొంతు ఎలా మారిందో రత్నకు తెలిసి ఉండదు. విన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆషాఢంలో వాన పట్టుకుంది. కొండల మీద వానంటే ఊరికే కురిసి పోయేది కాదు, కాపురానికి వచ్చినట్టు వస్తుంది. చూరు కింద పొయ్యి కొట్టుకుపోయింది. కిటికీలోంచి జల్లు తిన్నగా సుక్రి పడక మీదికి వచ్చేది. బుధ్రికి ఒణుకు పుట్టి పళ్లు కొట్టుకునేవి. ఇలాంటి వానకు ఏం చెయ్యాలో చలికాలంలో వచ్చినవాళ్లు ఎందుకు చెబుతారు? కనక పొయ్యిని లోపలికి తెచ్చింది. కిటికీకి మొదట ఆకులు అడ్డం కట్టింది, తరవాత తాటాకు కట్టింది. కోతల నాటికి మంగ్లు ఆమె వంతు గింజతో పాటు మంచి కంకులు కొన్ని ఏరి ఇచ్చాడు. "నీ తడక మీదెట్టుకో. నీ పొగ తాగితే మల్లీ నీదే," అన్నాడు. కట్టు అంటే అదీ. తీసుకోవడానికీ అదే కట్టు, ఇవ్వడానికీ అదే కట్టు.

ఆ కంకులు తడక మీద పేర్చి, కనక మట్టి పిసికింది. పొగ నిలవాలంటే కిటికీ ఉండకూడదు. సుక్రి పక్కన నిలబడి చూస్తోంది.

"అమ్మా, మరి ఎలుగేటైపోద్ది?"

"కిందికెల్లిపోద్ది."

"నానూ ఎల్తాను."

"కదలకు, మట్టి మీదడతాది," అంది కనక. ఆఖరి ముద్ద వేసి అరచేత్తో చదును చేసింది. పాత గోడ నల్లగా, కొత్త మట్టి ఎర్రగా, కిటికీ ఉన్నచోట కిటికీ అంత మచ్చ మిగిలింది. దగ్గు కార్తీకంలో మొదలైంది. ఈసారి శనివారం దాకా ఆగలేదు.

మళ్లీ చలికాలం, మళ్లీ అదే చదువు, వేరే పిల్లలు. అందులో ఒకడు ఊళ్లోకి వస్తూనే, "మా కాలేజీ వాళ్లు కిటికీ పెట్టించిన ఇల్లేది?" అని వెతుక్కుంటూ వచ్చాడు. మచ్చ చూసి నొచ్చుకున్నాడు.

"ఎవరు మూశారు?"

"నానే."

"పిల్ల దగ్గుతోంది కదా! తెలియదా నీకు?"

"తెలుసు బావూ. నాకు తెలిసినంత నీకు తెలీదు." కనక తడక వైపు గడ్డం ఎత్తింది. "మీ సదువులో ఇత్తనం సేరిందా, ఈ ఏడైనా?"

ఆ అబ్బాయి పైకి చూశాడు. ఆమె ఏమడుగుతోందో పాపం ఎలా తెలుస్తుంది? మొండిమనిషని అనుకుని ఉంటాడు. దిసారి ఇల్లు బాగుపడితే ఊరంతా బాగుపడుతుందని మర్నాడు మంగ్లు ఇల్లు ఎంచుకున్నాడు. రత్న చంటివాడికీ అప్పటికి దగ్గు పట్టుకుంది. కుర్రాడు వాడి వీపుకు చెవి ఆనించి, తాతారావు చెప్పిందే అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం రత్న పిల్లాణ్ణి చంకనేసుకుని కనక ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఏడంతా కనకే ఆమె గుమ్మానికి వెళ్లింది గాని, ఆమె ఇటు రాలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒలే కనకా, నిజం సెప్పు. నీ గుంటకి దగ్గు తగ్గిందా, కిటికీ ఎట్టినప్పుడు?"

"తగ్గింది."

"నిజంగానా?"

"నిద్దరోయింది. పొద్దుగాల నానే లేపీదాన్ని."

రత్న పిల్లాడి తల నిమిరింది. తడక మీది కంకులకేసి చూసింది. తరవాత చాలా చిన్న గొంతుతో, "మా ఇత్తనం నీ తడక మీదెట్టనిత్తావేటి?" అంది.

మూలన పడుకున్న బుధ్రి లేచి కూర్చుంది.

పెట్టుకో అనాలనే కనక మనసులో ఉంది. పైకి వచ్చింది మాత్రం వేరే మాట. ఆ మాట ఏడాది నుంచి గొంతులో ఉండి ఉండి పదునెక్కింది. "పెట్టుకో. సోటుకేటి. నా పొగ తాగితే నా ఇత్తనం. నిసాని ముందు నా ఇంటి పేరే పిలవమను మీ ఆయన్ని. తల్లికి అబద్దం సెప్పకూడదు కదా."

 రత్న పిల్లాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని గుమ్మం దిగి వెళ్లిపోయింది. దిసారి ఇంటి పేరు పిలవని పండగ ఆ ఊళ్లో ఎప్పుడూ లేదు, ఉండబోదు కూడా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మర్నాడు మంగ్లు తన ఇంటికి గునపం పడనివ్వలేదు. ఆ కుర్రాడు అవతలి ఊరు వెళ్లి అక్కడెవరి గోడో పొడిచి పాసైపోయాడట.

రత్న వెళ్లాక బుధ్రి, "నోరు సల్లబడిందేటే?" అనడిగింది.

 కాసేపటికి పై వరస ఇంట్లోంచి చంటివాడు దగ్గడం మొదలుపెట్టాడు. వినపడిందో ఏమో, పొయ్యి పక్కనుంచి సుక్రి కూడా అందుకుంది. ఆ ఇంట్లో ఒకటి, ఈ ఇంట్లో ఒకటి. కనక లేచి గుమ్మం దాకా వెళ్లింది. రత్న వెళ్లిన దారిలోకి అడుగు వెయ్యబోయి ఆగింది. వెనక్కి వచ్చి పచ్చికట్టె ఒకటి ఏరి పొయ్యిలో పెట్టింది. ఎండుకట్టె కంటే పచ్చికట్టెకు పొగ ఎక్కువ. చైత్రం నాటికి గింజ నల్లబడాలి.